యువ రచయితకు లేఖ: ఆ ఆదివారం ఎవరికీ ఏమీ తెలియదు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువుకో.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. మన పత్రికలకి కార్ల రేసింగ్ అంటే ఫార్ములా వన్ ఒక్కటే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల జనం ప్రాణం పెట్టే నాస్కార్ గురించి తెలుగులో రాసేవాళ్ళు అరుదు. నువ్వు జార్జియాలో, కమ్మింగ్‌లో ఉంటున్నావు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది 400 రోడ్డెక్కి కాస్త ఉత్తరానికి పోయి, డాసన్‌విల్‌లో పెద్దవయసు రేసు అభిమానుల పక్కన కూర్చుని ఉంటారు? నువ్వు కూర్చున్నావు. 1992 సీజన్ గురించి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చావు. విషయం ఎంచుకోవడంలో నీకు వందకి వంద.

ఇక చిక్కు సంగతి. నీ వ్యాసంలో మొదటి పేరా నుంచే అందరూ చనిపోయి ఉన్నారు.

"మృత్యువు నీడలో జరిగిన ఆ చివరి పోరు" అని మొదలుపెట్టావు. రెండో వాక్యంలో విమానం, మూడో వాక్యంలో హెలికాప్టర్. రేసు ఇంకా మొదలే కాలేదు, పాఠకుడు అప్పుడే సంతాపసభలో కూర్చున్నాడు. నువ్విలా ఎందుకు రాశావో నాకు తెలుసు. నీతో మాట్లాడిన వాళ్ళు అలాగే చెప్పి ఉంటారు. 1992 ఛాంపియన్ అలన్ కుల్విక్కి 1993 ఏప్రిల్ 1న బ్రిస్టల్ రేసుకి వెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. ఆ టైటిల్ కోసం అతనితో పోరాడిన డేవీ అలిసన్ జూలైలో టాలడేగా ట్రాక్ దగ్గర హెలికాప్టర్ కూలి, మర్నాడు ఆసుపత్రిలో పోయాడు. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. అభిమానులకి ఇప్పుడు ఆ సీజన్‌నీ, ఈ రెండు చావుల్నీ విడదీసి చూడటం చేతకాదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

కానీ 1992 నవంబర్ 15, ఆదివారం, హాంప్టన్‌లోని అట్లాంటా మోటార్ స్పీడ్‌వేలో కూర్చున్న వాళ్ళకి అదేమీ తెలియదు. వాళ్ళ టెన్షన్ వేరు. ఆ టెన్షన్‌ని నువ్వు పాఠకుడికి ఇవ్వాలి. రేపటి సంగతి తెలిసినవాడిలా కాకుండా, ఆ మధ్యాహ్నం స్టాండ్‌లో కూర్చుని ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకున్న వాడిలా రాయి.

అలా రాయాలంటే నువ్వు దాటేసిన లెక్క చెప్పక తప్పదు. "పాయింట్ల లెక్కలు సంక్లిష్టం కాబట్టి వదిలేస్తున్నాను" అన్నావు చూడు, అక్కడ పెన్సిల్ గట్టిగా నొక్కాను. ఐపీఎల్‌లో ఆఖరి లీగ్ మ్యాచ్ రోజున నెట్ రన్ రేట్‌ని దశాంశాలతో సహా లెక్కేసుకునే జనం మన పాఠకులు. వాళ్ళకి అర్థం కాదనుకోకు. కథంతా ఆ లెక్కలోనే ఉంది.

ఇలా చెప్పి చూడు. సీజన్‌లో 29 రేసులు, ఇది ఆఖరిది. టైటిల్ అవకాశం ఇంకా ఆరుగురికి ఉంది. అందరికన్నా ముందు డేవీ అలిసన్, అతనికన్నా 30 పాయింట్లు వెనక కుల్విక్కి, 40 పాయింట్లు వెనక బిల్ ఎలియట్. ఆ తరవాత హ్యారీ గాంట్, కైల్ పెటీ, మార్క్ మార్టిన్, వీళ్ళది దూరపు ఆశ. రేసు గెలిస్తే 175 పాయింట్లు, రెండో స్థానానికి 170. ఒక్క ల్యాపైనా, అంటే ట్రాక్ చుట్టూ ఒక్క చుట్టైనా, అందరికన్నా ముందుంటే 5 అదనం. అందరికన్నా ఎక్కువ ల్యాపులు ముందున్నవాడికి ఇంకో 5. అంతే. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు రేసులోకి రా. మొత్తం 328 ల్యాపులు. 254వ ల్యాపులో ఎర్నీ ఇర్వన్ కారు అదుపు తప్పి అలిసన్‌కి అడ్డం వచ్చింది. అలిసన్ ఆశ అక్కడితో సరి. మిగిలింది ఇద్దరు, ఎలియట్, కుల్విక్కి. ఇద్దరూ ముందూ వెనకా మారుతూ పోతున్నారు. కుల్విక్కి పిట్‌లో, అంటే మధ్యలో కారు ఆపి పెట్రోలు, టైర్లు చూసుకునే చోట, అతని క్రూ చీఫ్ (జట్టు మేస్త్రీ అనుకో) పాల్ ఆండ్రూస్ కాగితం మీద ల్యాపులు లెక్కేస్తున్నాడు. ఇంకెన్ని ల్యాపులు ముందుంటే ఆ 5 పాయింట్లు తమవే అవుతాయి అని. 310వ ల్యాపు దాకా కారుని పిట్‌కి రానివ్వలేదు. ఎలియట్ రేసు గెలిచాడు. కుల్విక్కి రెండో స్థానం. ముందున్న ల్యాపులు కుల్విక్కికి 103, ఎలియట్‌కి 102.

కూడి చూపించు. ఎలియట్‌కి 175కి 5 కలిపి 180. కుల్విక్కికి 170కి రెండు అయిదులు కలిపి, అదీ 180. రేసు ముందు ఇద్దరి మధ్య ఉన్న 10 పాయింట్ల తేడా చెక్కుచెదరలేదు. 4078, 4068. ఆ ఒక్క ల్యాపు ఇటునుంచి అటు మారి ఉంటే ఇద్దరికీ 4073, సరిసమానం. అప్పుడు ఎక్కువ రేసులు గెలిచినవాడిదే టైటిల్. ఆ ఏడాది ఎలియట్ గెలిచినవి అయిదు, కుల్విక్కి గెలిచినవి రెండు. మొత్తం సీజన్ ఒక్క ల్యాపు మీద, అంటే మైలున్నర దూరం మీద తేలింది. ఇది చదివాక పాఠకుడు కుర్చీలో ముందుకు జరగకపోతే నన్నడుగు.

కుల్విక్కి మీద నువ్వు రాసిన పేరా నాకు నచ్చలేదు. "ఒంటరి యోధుడు" అన్నావు. అలాంటి మాటలు సినిమా పోస్టర్లకి పనికొస్తాయి. మనిషిని చూపించు. విస్కాన్సిన్ నుంచి వచ్చిన వాడు, మెకానికల్ ఇంజనీర్. (ఇంజనీర్ అనగానే మనవాళ్ళకి ఎలాగూ అభిమానం, అది ఉచితంగా వచ్చే లాభం.) దక్షిణాది వాళ్ళ ఆటలోకి ఉత్తరాది నుంచి, చేతిలో బ్రీఫ్‌కేసుతో దిగాడు. తన జట్టుకి తనే యజమాని, తనే డ్రైవర్. జూనియర్ జాన్సన్ అనే పెద్ద యజమాని మిలియన్ డాలర్లు ఇస్తాను, నా కారు నడపమంటే వద్దన్నాడు. 1992లో ఎలియట్ నడిపింది ఆ జాన్సన్ కారే. ఈ ముక్క నీ నోట్సులో ఉంది, వ్యాసంలో లేదు. ఎందుకు తీసేశావో నాకు అర్థం కాలేదు.

ఇంకోటి. సెప్టెంబర్‌లో డోవర్ రేసులో అతని కారు దెబ్బతిని, ఆరు రేసులు మిగిలుండగా 278 పాయింట్లు వెనకబడ్డాడు. ఆ పూట అతన్ని లెక్కలో ఉంచుకున్నవాళ్ళు తక్కువ. ఆఖరి రేసులోనూ మొదటి పిట్ స్టాప్‌లోనే ఫస్ట్ గేర్ విరిగింది. తరవాత పిట్‌కి వచ్చిన ప్రతిసారీ బండిని పై గేర్‌లోనే కదిలించుకోవాలి. ఇంజన్ ఆగిందంటే అంతే సంగతులు. ఆఖరి స్టాప్‌లో పెట్రోలు సరిగ్గా ఎంత పడిందో జట్టుకే అనుమానం. ఇవన్నీ తెలిసి చదివితే, రెండో స్థానంలో వస్తున్న కారు చివరి ల్యాపుల్లో ఎందుకు దూకుడు తగ్గించిందో నువ్వు విడిగా వివరించక్కర్లేదు.

రేసయ్యాక అతను చేసిన పని ఒకటుంది, దాన్ని మాత్రం వదలకు. ఛాంపియన్ అయ్యాడు, టీవీలో దేశమంతా చూస్తోంది, కెమెరాలు కారు కిటికీ దగ్గర కాచుకుని ఉన్నాయి. అతను సీట్లోంచి లేవలేదు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. స్పాన్సర్ ముందు శుభ్రంగా కనబడాలని తపన పడే మనిషి. అన్ని గంటలు హెల్మెట్ కింద నలిగిన జుట్టు, ఆ వేడి, చుట్టూ ఆ గోల, మధ్యలో దువ్వెన. నువ్వు రాసిన విశేషణాలన్నీ కొట్టేసి ఈ ఒక్కటి పెట్టు.

డేవీ అలిసన్ విషయంలో నీ చెయ్యి బాగానే తిరిగింది. ఒక్కటే సూచన, నెలల వారీగా చెప్పు, వ్యాఖ్యానం వద్దు. ఫిబ్రవరిలో డేటోనా 500 గెలిచాడు. మేలో షార్లట్‌లో ఆల్ స్టార్ రేసుని లైట్ల వెలుగులో గెలిచి, గెలుపు గీత మీదే కైల్ పెటీ కారుకి తగిలి గోడకి గుద్దుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. జూలైలో పొకోనోలో కారు పల్టీలు కొట్టింది, చెయ్యి విరిగింది. తండ్రి బాబీ అలిసన్ రేసింగ్ జీవితం 1988లో ముగిసింది ఆ ట్రాక్ మీదే. ఆగస్టులో తమ్ముడు క్లిఫర్డ్ మిషిగన్‌లో ప్రాక్టీసు చేస్తూ చనిపోయాడు. ఆ వారాంతం డేవీ అదే ట్రాక్ మీద రేసులో దిగాడు. నవంబర్ మొదట్లో ఫీనిక్స్ గెలిచి పాయింట్లలో అందరికన్నా పైకొచ్చాడు. ఇదంతా ఒక్క ఏడాదిలోనే. "విధి వంచితుడు" అనే మాట తీసెయ్యి, ఈ వరస చాలు.

ఇప్పుడు అభిమానుల జ్ఞాపకాల గురించి. వాళ్ళు చెప్పినదంతా నిజమని రాసేశావు. ఒకాయన "ఆ రోజే అనుకున్నాను, ఈ కుర్రాడు పెటీ అంతటి వాడవుతాడని" అన్నాడు కదా, జెఫ్ గోర్డన్ గురించి. ఏడు టైటిళ్ళు, 200 గెలుపుల రిచర్డ్ పెటీకి అదే చివరి రేసు, 21 ఏళ్ళ గోర్డన్‌కి అదే మొదటిది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరో కూర్చుని రాసినట్టుంటుంది. కానీ ఆ రోజు గోర్డన్ కారు గోడకి తగిలి 31వ స్థానంలో మిగిలాడు. జనం కళ్ళన్నీ పెటీ మీదా, టైటిల్ మీదా ఉన్నాయి. పెద్దాయన అబద్ధమాడాడని రాయకు, పాపం ఆయన మనస్ఫూర్తిగానే చెప్పాడు. ఆయన మాట ఆయన నోటనే ఉంచి, పక్కనే 31 అని వేసి ముందుకెళ్ళిపో. మిగతాది పాఠకుడు చూసుకుంటాడు. పెటీ కారు ప్రమాదంలో చిక్కి ముందు భాగం మంటలంటుకోవడం, జట్టు దాన్ని ఎలాగో అతికించి చివర్లో మళ్ళీ ట్రాక్ మీదికి పంపడం మాత్రం రికార్డులో ఉన్నదే, ధైర్యంగా రాసుకో.

నువ్వు ఇంకోసారి డాసన్‌విల్ వెళ్ళాలి. అది బిల్ ఎలియట్ సొంత ఊరు. అక్కడి పూల్ రూమ్ అనే హోటలు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, బర్గర్ తిన్నానని నువ్వే రాశావు. ఎలియట్ గెలిచినప్పుడల్లా అక్కడ సైరన్ మోగించడం ఆ ఊరి ఆచారం. ఇప్పుడు ఆలోచించు. ఆ ఆదివారం ఎలియట్ రేసు గెలిచాడు, సొంత రాష్ట్రంలో గెలిచాడు. టైటిల్ పోయింది. ఆ సాయంత్రం సైరన్ మోగిందా? మోగితే ఊళ్ళో వాళ్ళకి ఎలా వినిపించింది? ఎంతసేపు మోగించారు? నీ వ్యాసంలో కుల్విక్కి వైపు వాళ్ళున్నారు, అలిసన్ వైపు వాళ్ళున్నారు, ఓడిన ఊరు లేదు. నీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఊరు! ఇద్దరు ముగ్గుర్ని విడివిడిగా అడుగు. ఒకరు మోగిందని, ఒకరు మోగలేదని అంటే మరీ మంచిది, రెండూ రాయి.

చావుల మాట ఎక్కడ చెప్పాలి అంటావు. ఆఖర్లో, పొట్టిగా. కుల్విక్కి 1988లో ఫీనిక్స్‌లో మొదటి రేసు గెలిచినప్పుడు కారుని ట్రాక్ మీద రేసుకి ఎదురుదిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి జనానికి చెయ్యూపాడు. తన పోలిష్ మూలాల పేరు పెట్టుకున్నాడు దానికి. అట్లాంటాలో ఛాంపియన్ అయ్యాకా అలాగే తిప్పాడు. దీన్ని నువ్వు రేసు కథలో ముందే చెప్పి ఉంచు. అప్పుడు, అతను పోయిన కొద్ది రోజులకే బ్రిస్టల్‌లో గెలిచిన రస్టీ వాలెస్ కారుని ఎదురుదిశలో తిప్పాడు అని ఒక్క వాక్యం రాస్తే చాలు. తేదీ వెయ్యి, స్థలం వెయ్యి. "కన్నీటి వీడ్కోలు" లాంటివి వద్దు.

చిన్నా చితకా ఇంకొన్ని. స్టాక్ కారు అంటే చూడటానికి రోడ్డు మీది మామూలు సెడాన్‌లా ఉండే రేసు కారు అని ఎక్కడో ఒకచోట ఒక ముక్క చెప్పు, మనవాళ్ళలో చాలామంది చూసి ఉండరు. పేర్లు ఒకచోట కుల్వికి, ఒకచోట కుల్విక్కి అని రాశావు, ఒకటే ఉంచు. మైళ్ళని కిలోమీటర్లలోకి మార్చే పని పెట్టుకోకు, అక్కడ అందరూ మైళ్ళలోనే చెబుతారు. అమెరికా జీవితం మీద నువ్వు మధ్యలో రాసిన పేజీన్నర ఎంత బాగున్నా ఇందులో ఇమడదు. దాచుకో, వేరే వ్యాసానికి పనికొస్తుంది.

సైరన్ సంగతి తెలిశాకే రెండో డ్రాఫ్ట్ మొదలుపెట్టు. ఈసారి టైపు చేసి పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు తల్లీ, నా కళ్ళద్దాలు మార్చాల్సి ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు