డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అవ్వ నీళ్లు పోసుకోనంటే, ‘ఇంటికి పోతా’నంటే ఎట్లా మాట్లాడాలి?

అనంతపురం దగ్గర వృద్ధాశ్రమంలో ఒక అవ్వ స్నానానికి పిలిస్తే కొట్టను వస్తోందని, పొద్దు గూకితే ‘ఇంటికి పోతా’ అని గేటు పట్టుకుంటోందని అడిగారు.

ముందు కళ్లద్దాలు, చెవి మిషను ఉన్నాయో లేదో చూడండి. టీవీ ఆపండి. వెనక నుంచి పోయి చెయ్యి పట్టుకోవద్దు. ఎదురుగా కూర్చుని మీ పేరు చెప్పండి. ‘నేనెవరో గుర్తుందా?’ అని పరీక్ష పెట్టొద్దు. ఒకసారికి ఒక మాటే చెప్పి పది సెకన్లు ఆగండి. ఆయాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే: బదులు రాలేదని అదే మాట ఇంకో రకంగా అడుగుతారు, ఆమె మళ్లా మొదటి నుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది.

‘స్నానం చేస్తావా?’ అంటే ‘వద్దు’ అనే వస్తుంది. గోరువెచ్చని నీళ్లు ముందే పెట్టుకుని, భుజాల మీద తువ్వాలు కప్పి, ‘కాళ్ల మీద పోస్తా అవ్వా’ అనండి. చెంబు ఆమె చేతికే ఇవ్వండి. పాదాలు, మోకాళ్లు, తర్వాతే పైకి. నెత్తిన ఒక్కసారిగా పోస్తే భయపడి చెయ్యెత్తుతుంది. తలస్నానం వేరే రోజు పెట్టుకోండి. రోజూ నిండా పోయాల్సిందే అనే పట్టుదల కూడా వద్దు, మధ్య రోజుల్లో తడిగుడ్డతో తుడిస్తే చాలు.

‘ఇదే మీ ఇల్లు’ అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. ‘మీ ఆయన ఎప్పుడో పోయినాడు కదా’ అంటే ఆ చావు ఆమెకు అప్పుడే తెలిసినట్టవుతుంది. ‘ఇంట్లో ఎవరెవరుంటారవ్వా?’ అని అడిగి చెప్పనీండి. ఒంటికి పోవాలేమో, దప్పికేమో చూడండి. చీకటి పడక ముందే లైట్లన్నీ వేయండి, నీడలు చూసి బెదురుతారు. బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలవమని చేట ఇస్తే చాలామంది కుదురుగా కూర్చుంటారు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే మనిషికి మాత్రం వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి, చీరలు మడతపెట్టమనండి.

కర్ణాటక సరిహద్దులోని రాయదుర్గం, మడకశిర వైపు మనుషులైతే ఇంట్లో ఏం మాట్లాడేవాళ్లో బంధువులను అడగండి. జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన తెలుగు జారిపోయి కన్నడమో, ఉర్దూనో మిగలొచ్చు. నీళ్లు, నొప్పి, బాత్రూం లాంటి మాటలు ఆ భాషలో ఆయాలకు నేర్పించండి.

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మనిషి మారిపోతే, లేదా ఎప్పుడూ మగతగా పడుంటే, అది మతిమరుపు ముదరడం అనుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎండాకాలం నీళ్లు తాగకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించండి, సొంతంగా నిద్రమాత్ర ఇవ్వద్దు.