సెమ్‌వర్ పెట్టుకోండి, కానీ ముందు ఏది మార్చనని మాటిస్తున్నారో రాసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చిన్న పైథాన్ లైబ్రరీ ఓపెన్ సోర్స్‌లో పెట్టారు, ఇప్పుడు 0.4లో ఉంది, కొంతమంది వాడటం మొదలుపెట్టారు, ఇకపై వెర్షన్ నంబర్లకి సెమ్‌వర్ (సెమాంటిక్ వెర్షనింగ్, ఏ రకం మార్పుకి ఏ అంకె పెంచాలో చెప్పే పద్ధతి) పాటించాలా లేక ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌లాగా తేదీలు పెట్టుకోవాలా, 1.0 ఎప్పుడు వెయ్యాలి. మీది వేరేవాళ్ళు తమ కోడ్‌లోకి ఇంపోర్ట్ చేసుకునే లైబ్రరీ కాబట్టి నేనైతే సెమ్‌వరే అంటాను. 1.0 కూడా ఇంక ఆలస్యం చెయ్యకండి.

మూడు అంకెల లెక్క మీకు తెలిసే ఉంటుంది. పాత కోడ్ పనిచెయ్యకుండా పోయే మార్పైతే మొదటి అంకె, పాతదానికి ఇబ్బంది లేకుండా కొత్తది చేరితే రెండోది, బగ్ సరిచేస్తే మూడోది. అయితే ఆ సెమ్‌వర్ డాక్యుమెంట్‌లో మొట్టమొదటి రూల్ అంకెల గురించి కాదండీ, మీ పబ్లిక్ ఏపీఐ ఏంటో, అంటే బయటివాళ్ళు నమ్మి వాడుకోదగ్గవి ఏవో, ముందు ప్రకటించండి అని. దీన్ని చాలామంది దాటేసి నేరుగా అంకెల దగ్గరికి వెళ్ళిపోతారు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

మా సంగతి చెప్తాను. నేనూ ఇంకో ఇద్దరు స్నేహితులూ కలిసి తెలుగు టెక్స్ట్‌ని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చే లైబ్రరీ ఒకటి నడుపుతున్నాం, ఎక్కువమంది దాన్ని ఆర్టికల్ టైటిల్ నుంచి లింక్ తయారుచెయ్యడానికి వాడతారు. అందులో సున్నా తర్వాత ప, బ లాంటివి వస్తే ఎమ్ రావాల్సిన చోట ఎన్ వచ్చేది, అంటే 'పంపు', 'సంబరం' లాంటి మాటలన్నీ తేడాగా వచ్చేవి. సరిచేశాం. ఫంక్షన్ పేరు మారలేదు, ఆర్గ్యుమెంట్లు మారలేదు, పైకి చూస్తే మూడో అంకె పెంచితే సరిపోయే బగ్ ఫిక్స్. రిలీజ్‌కి ముందు ఆర్‌సీ (రిలీజ్ క్యాండిడేట్, అంటే పరీక్షించి చూడమని ముందుగా ఇచ్చే వెర్షన్) పెడితే దాన్ని ట్రై చేసిన ఒకాయన ఇష్యూ తెరిచి, మా సైట్ బిల్డ్ చేసిన ప్రతిసారీ టైటిల్స్ నుంచే లింకులు పుడతాయి, ఇది వేసుకుంటే పాత లింకులన్నీ మారిపోతాయి అని రాశాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మాకు బగ్ అనిపించింది ఆయనకి ఏళ్ళ తరబడి నిలబడ్డ అడ్రస్. అప్పుడు రీడ్‌మీలో అవుట్‌పుట్ కూడా మా ఏపీఐలో భాగమేనని స్పష్టంగా రాసి, దాన్ని 2.0.0గా రిలీజ్ చేసి, పాత పద్ధతే కావాలనుకునేవాళ్ళకి ఒక ఆప్షన్ ఉంచాం.

కాబట్టి మీరు కూడా నంబర్ కంటే ముందు అది రాయండి. ఫంక్షన్లు సరే, ఎర్రర్ల రకాలు, కమాండ్ లైన్ ఆప్షన్లు, కాన్ఫిగ్ ఫైల్ ఫార్మాట్, సపోర్ట్ చేసే పైథాన్ వెర్షన్లు, వీటిలో ఏవి హామీ ఏవి కాదు అని ఒక పేరా చాలు.

తేదీల పద్ధతి చెడ్డదేం కాదు. ఉబుంటు 4.10 అంటే 2004 అక్టోబర్, 24.04 అంటే 2024 ఏప్రిల్, చూడగానే ఎంత పాతదో తెలుస్తుంది, మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏం మారిందో ఒక్క అంకెతో చెప్పడం ఎలాగూ కుదరదు కాబట్టి అక్కడ అదే సరి. పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ కూడా 2018లో 10 నుంచి ఒకేసారి 18.0కి దూకింది, కానీ దాన్ని జనం కమాండ్‌గా వాడతారు తప్ప లైబ్రరీలా ఇంపోర్ట్ చేసుకోరు. టైమ్ జోన్ డేటాబేస్‌కి 2024ఎ అన్నట్టు సంవత్సరం, పక్కన ఒక అక్షరం ఉంటాయి. డేటాకి ఇది బాగా నప్పుతుంది, మేం కూడా మా మినహాయింపు పదాల లిస్టుని విడి ప్యాకేజీ చేసి దానికి తేదీలే పెడుతున్నాం. లైబ్రరీకి మాత్రం వాడేవాళ్ళు అడిగేది ఒకటే, అప్‌డేట్ చేస్తే నా కోడ్ ఆగిపోతుందా అని. తేదీలో దానికి జవాబు లేదు. (లైనక్స్ కెర్నల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం, 2011లో 2.6.39 నుంచి 3.0కి మారినప్పుడు పెద్ద మార్పేం లేదు, నంబర్ పెరిగిపోయిందనే మార్చారు, కానీ వాళ్ళకి యూజర్ ప్రోగ్రాములు పాడవ్వకూడదన్న గట్టి నియమం వేరే ఉంది.)

1.0 సంగతి. 0తో మొదలైతే ఎప్పుడైనా ఏదైనా మారొచ్చు అని అర్థం, జనం ప్రొడక్షన్‌లో వాడుతుంటే అలా ఉంచడం వాళ్ళకి అన్యాయం. వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్ 2016లో 0.14 నుంచి సూటిగా 15కి వెళ్ళింది కూడా అందుకే, అప్పటికే అందరూ నమ్మి వాడేస్తున్నారు. మీది అంత పెద్దది కాకపోయినా ఇదే వర్తిస్తుంది.

రెండు మూడు ప్రాక్టికల్ విషయాలు. వెర్షన్లని స్ట్రింగ్‌లా (మామూలు అక్షరాల వరుసలా) పోల్చకండి, 1.10 వచ్చి 1.9 కంటే ముందు కూర్చుంటుంది, ప్యాకేజింగ్ మాడ్యూల్‌లో దీనికి వెర్షన్ క్లాస్ ఉంది. కోడ్‌ని ఆటోమేటిక్‌గా టెస్ట్ చేసే సీఐకి రాసే యామల్ సెట్టింగ్స్ ఫైల్‌లో పైథాన్ 3.10 అని కోట్స్ లేకుండా రాస్తే అది 3.1 అయిపోతుంది. మొదటి అంకె పెంచేముందు ఆర్‌సీ పెట్టండి, మామూలుగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి పిప్ దాన్ని ఇవ్వదు, కావాలని అడిగినవాళ్ళకే వెళ్తుంది. ఒకసారి బయటికి వదిలిన నంబర్ కింద ఫైల్ మాత్రం ఎప్పుడూ మార్చకండి, పైపీఐ (పైథాన్ ప్యాకేజీలు ఉంచే సైట్) అదే పేరుతో రెండోసారి ఎలాగూ ఎక్కించనివ్వదు, తప్పు రిలీజ్ వెళ్ళిపోతే దాన్ని యాంక్ చేసి (వాడొద్దని గుర్తుపెట్టి) తర్వాతి నంబర్‌తో కొత్తది వదలండి.