సియాటెల్‌లో సెకండ్ హ్యాండ్ తెరచాప పడవ: కొనేముందు కట్టేసే చోటు చూసుకో

"అన్నా, రెడ్మండ్ వచ్చి ఎనిమిది నెలలైంది, హెచ్1బీ మీద ఉన్నాను. 27 అడుగుల సెయిల్‌బోటు 1,500 డాలర్లకే అమ్ముతున్నారు, కొనేయనా?" అని ఒక తమ్ముడు ఫోటోలతో సహా మెసేజ్ పెట్టాడు. ప్రతి జూన్‌లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. ఇక్కడ జూన్ వచ్చేసరికి వాన తగ్గి, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగుండి, లేక్ యూనియన్ నిండా తెల్ల తెరచాపలు తిరుగుతుంటాయి, చూశాక మనసు ఊరుకోదు. పదేళ్ల కిందట నాదీ ఊరుకోలేదు. గోదావరి పక్కన పుట్టి పెరిగినవాణ్ని, పడవ గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. రేవు దాటించే పడవలో కూర్చోవడం వేరు, పడవకి ఓనరు అవడం వేరు అని తెలియడానికి నాకు ఒక ఏడాది, ఏడెనిమిది వేల డాలర్లు పట్టాయి.

ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, కొన్నాక దాన్ని ఎక్కడ కట్టేస్తావు?

కారైతే అపార్ట్‌మెంట్ కింద పెట్టేస్తాం. పడవకి మెరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, స్లిప్ అనే చోటు ఒకటి కావాలి, దానికి అద్దె అడుగుల లెక్కన ప్రతి నెలా కట్టాలి. అడుక్కి 15 డాలర్లే అనుకున్నా 27 అడుగులకు నెలకు 405, ఏడాదికి 4,860. ప్రభుత్వ పోర్టుల మెరీనా అయితే దాని మీద 12.84 శాతం లీజ్‌హోల్డ్ ట్యాక్స్ కూడా. అంటే పడవ ఖరీదుకి మూడు రెట్లు మొదటి ఏడాది పార్కింగ్‌కే పోతుంది. అసలు చాలా పాత పడవలు అంత చవగ్గా రావడానికి కారణం ఇదే, అమ్మేవాడికి నీ 1,500 ముఖ్యం కాదు, వచ్చే నెల అద్దె తప్పించుకోవడం ముఖ్యం. "స్లిప్ కూడా నీకే వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మకు, మెరీనా ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి కనుక్కో. నాకూ అలాగే చెప్పారు. డబ్బిచ్చిన పది రోజులకి పడవ తీసేయమని మెరీనా నుంచి ఈమెయిల్ వచ్చింది, వెయిటింగ్ లిస్టులో నా ముందు బోలెడు మంది ఉన్నారట. అప్పటిదాకా రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసిన పెద్దమనిషి ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న!

అందుకే చేతిలో డబ్బు తక్కువైతే స్లిప్ అక్కర్లేకుండా ట్రైలర్ మీద ఎక్కే పడవే చూడమంటాను. నా ఓటు కాటలీనా 22 అనే మోడల్‌కి. 1970 ప్రాంతంలో మొదలుపెట్టి 15 వేలకు పైగా చేశారు కాబట్టి స్పేర్ పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి, తెలిసినవాళ్లూ దొరుకుతారు. వీటిలో చాలావాటికి కీల్, అంటే పడవ అడుగున నీళ్లలోకి దిగే బరువైన రెక్క, పైకి మడుచుకుంటుంది, దించితే ఐదడుగుల లోతుకి వెళ్తుంది, ఎత్తితే రెండడుగుల నీళ్లు చాలు. పడవ బరువు సుమారు 2,250 పౌన్లు, ట్రైలరూ మోటారూ సామానూ కలిపితే 3,500 దాకా వెళ్లొచ్చు. మనవాళ్ల ఇళ్ల ముందుండే సియెన్నా వ్యాన్ లాగగలిగేది కూడా సరిగ్గా 3,500 పౌన్లే, అంటే అంచు మీద ఉంటుంది, కాబట్టి లాగే ముందు ఎక్కడైనా తూకం వేయించు. క్యామ్రీ కారుతో మాత్రం ఆలోచించకు. ఇంకొకటి, ఒడ్డున మాస్టు (తెరచాప కట్టే స్తంభం) నిలబెట్టే ముందు తలెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూడు. అల్యూమినియం మాస్టు తీగకి తగిలి ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

ఇక చూడ్డానికి వెళ్లినప్పుడు. మెరుపులు, కుషన్లు, బ్లూటూత్ స్పీకర్లు పక్కన పెట్టు. స్క్రూడ్రైవర్ తిరగేసి, ప్లాస్టిక్ పిడితో డెక్ మీద జానెడు జానెడుకీ కొట్టుకుంటూ పో. సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి వినేవాళ్లే, అదే పని. గట్టిగా ఖణేల్ మంటే మంచిది, మొద్దుగా డబ్ మని మూగపోతే కింద చెక్క నీళ్లు తాగి కుళ్లిందని అర్థం. ఈ డెక్‌లు పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో ప్లైవుడ్డో బాల్సా చెక్కో ఉండే శాండ్‌విచ్‌లు, ప్రతి స్క్రూ కన్నం లోంచీ వాన దిగుతుంది, మన సియాటెల్ వాన సంగతి నీకీపాటికి తెలిసే ఉంటుంది. మాస్టుని పట్టుకునే స్టీలు తీగలు డెక్‌కి ఎక్కడ తగులుకున్నాయో ఆ చుట్టుపక్కల ఇంకా శ్రద్ధగా కొట్టి చూడు, తర్వాత లోపలికి దిగి అదే చోట కింద నుంచి చేత్తో తడుము. ఆ తీగల్ని పాత గుడ్డతో కిందకీ పైకీ తుడు, ఎక్కడైనా గుడ్డ చిక్కుకుంటే పోగు తెగింది, మొత్తం మార్చాలి. మడిచే కీల్ అయితే దాన్ని లాగే కేబుల్, అది వేలాడే పిన్ను చూడకుండా కొనొద్దు. ఉప్పునీళ్లలో ఏళ్లతరబడి ఉన్నదానికంటే లేక్ వాషింగ్టన్‌లో ఉన్నది ఇక్కడ నయం, మంచినీళ్లు కదా. కాటలీనా 27 లాంటి పెద్దవాటిలో కీల్ పడవకి అతికిన చోట ముందువైపు నవ్వినట్టు ఒక బీట కనపడుతుంది, దాన్ని కాటలీనా స్మైల్ అంటారు. నవ్వు చూసి మురిసిపోకు, కీల్ బోల్టులు బిగించాలో మార్చాలో తెలిసినవాడికి చూపించు.

మోటారు నువ్వు వెళ్లేసరికే వేడిగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు నీ ముందే స్టార్ట్ చేయమను, పక్కనుంచి మోటారుని చల్లబరిచే నీళ్ల ధార సరిగ్గా పడుతోందో లేదో చూడు. తెరచాపలు సంచిలోంచి తీయించి గడ్డి మీద పరిపించు. "బాగున్నాయండీ, మళ్లీ మడవడం కష్టం" అన్నాడంటే బాగోలేనట్టే, కొత్తవి పడవ కంటే ఎక్కువ పడతాయి. ఐదారు వేలు దాటే పడవైతే సామ్స్, నామ్స్ అనే పడవ సర్వేయర్ల సంఘాల్లో ఒకదాంట్లో సభ్యుడైన సర్వేయర్‌ని తనిఖీకి పెట్టు.

ఫ్రీ పడవల సంగతి. ఊరికే వస్తే ఫినాయిల్ కూడా వదలం అని మన మీద జోకుంది కదా, ఇక్కడ మాత్రం వదిలెయ్. పాడైన పడవని కోసి పారేయించడానికే వేలల్లో అవుతుంది. నీళ్లలో వదిలేసి పోతే నేరం. వాళ్ల తలనొప్పి నీ పేరు మీదకి ఎక్కుతుంది, వీసా మీద ఉన్నవాడికి ఆ టెన్షన్ ఎందుకు?

కాగితాల దగ్గర మనవాళ్లు అనవసరంగా భయపడతారు. హెచ్1బీ మీద పడవ కొనుక్కోవచ్చు, కారు లాగే రాష్ట్ర టైటిల్ నీ పేరు మీదకి వస్తుంది, 15 రోజుల్లో మార్పించు, సేల్స్ ట్యాక్స్ లాగే యూజ్ ట్యాక్స్ అక్కడే కడతావు. వెనక కుడివైపు చెక్కిన 12 అక్షరాల హల్ నంబరు (పడవ గుర్తింపు నంబరు) టైటిల్ మీద నంబరుతో కలవాలి. పెద్ద పడవలు కొన్ని కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంట్ అయి, అంటే కేంద్రం దగ్గర నమోదై, ఉంటాయి. ఆ డాక్యుమెంటేషన్ అమెరికన్ పౌరులకే, గ్రీన్ కార్డు ఉన్నా కుదరదు, కాబట్టి అమ్మేవాడి చేతే రద్దు చేయించి రాష్ట్ర టైటిల్‌కి మార్చుకోవాలి. ఇక "వీకెండ్స్‌లో అద్దెకిచ్చి ఖర్చు రాబట్టొచ్చా" అని అడిగావు. వద్దు. హెచ్1బీ మీద ఆ వ్యాపారం కుదరదు, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవాలంటే కోస్ట్ గార్డ్ కెప్టెన్ లైసెన్సు కూడా కావాలి. శాన్ వాన్ దీవుల దాకా వెళ్తే కెనడా ఎదురుగానే కనపడుతుంది, అక్కడ దిగాలంటే గ్రీన్ కార్డు లేని ఇండియన్ పాస్‌పోర్టుకి వాళ్ల వీసా కావాలి, వెనక్కి వచ్చాక అమెరికా సరిహద్దు అధికారులకి (సీబీపీ) రిపోర్టు చేయాలి. నీళ్ల మీద గీత కనపడదని సరిహద్దు లేదనుకోకు.

నాకు అసలు భయం ఇవేవీ కాదు, నీళ్లు. ప్యూజెట్ సౌండ్ ఏడాది పొడుగునా 10 డిగ్రీల సెల్సియస్ అటూఇటూ ఉంటుంది. చెరువులో ఈత నేర్చుకున్నాం అనే ధీమా అందులో మొదటి నిమిషంలోనే పోతుంది, ఊపిరి పట్టేస్తుంది. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద. పిల్లలు 12 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు వాళ్లైతే 19 అడుగుల కంటే చిన్న పడవలో వేసి తీరాలని ఇక్కడ చట్టమే ఉంది, పెద్ద పడవైనా నేను వేయిస్తాను.

అందుకని ఈ వేసవి కొనకు. లేక్ యూనియన్‌లో సెంటర్ ఫర్ వుడెన్ బోట్స్ వాళ్లు ఆదివారాలు ఊరికే తిప్పుతారు, వెళ్లు. మాగ్నసన్ పార్కులో సెయిల్ శాండ్ పాయింట్‌లో క్లాసులుంటాయి. మంగళవారం సాయంత్రాలు లేక్ యూనియన్‌లో డక్ డాడ్జ్ అని సరదా పందాలు జరుగుతాయి, మనుషులు తక్కువైన పడవ వాళ్లు కొత్తవాళ్లని ఎక్కించుకుంటారు. సెప్టెంబరు దాటి వానలు మొదలయ్యాక చూడు, చలికాలం అద్దె కట్టలేక ధరలు వాటంతటవే దిగుతాయి.

నువ్వు పంపిన ఫోటోల్లో నాలుగోది ఇంకోసారి తెరిచి చూడు. లోపల ఎడమవైపు సీటు మీద ఒక బకెట్ ఉంది. అదెందుకు పెట్టాడో ముందు అడుగు.