బండి నంబర్ చూడకపోయినా కేసు ఉంటుందండీ

"నాలుగు రోజుల కిందట మా తమ్ముడి బైక్‌ని కారు గుద్ది ఆపకుండా పోయింది, భుజం దగ్గర ఎముక విరిగింది, నంబర్ ఎవరూ చూడలేదు, ఇక కేసు పెట్టి లాభం లేదంటున్నారు, నిజమేనా" అని అడిగారు. నిజం కాదండీ. మేమూ ఆ మాట నమ్మే రెండు వారాలు పోగొట్టుకున్నాం. మీకు ఇంకా నాలుగు రోజులే అయింది, నయం.

మాది 2023 జనవరి, సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. నాన్న తెల్లవారుజామున టీవీఎస్ ఎక్సెల్ మీద కేంద్రంలో పాలు పోసి వస్తుంటే, సూర్యాపేట దగ్గర హైవే మీద వెనక నుంచి కారు గుద్దింది. కుడి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. "తెల్ల కారు" అన్నది తప్ప నాన్నకి ఏమీ తెలీదు. పండగ నుంచి జనమంతా హైదరాబాద్ తిరిగి వెళ్లే రోజుల్లో ఆ రోడ్డు మీద తెల్ల కారు అంటే ఏం చెప్పినట్టు!

ఆస్పత్రికి తీసుకెళ్లింది మా మామయ్య. క్యాజువాలిటీలో ఎలా జరిగిందని అడిగితే, పోలీసు కేసంటే చేర్చుకోరేమోనన్న భయంతో "బండి జారి పడ్డాడండీ" అనేశాడు. డ్యూటీ డాక్టర్ అదే రాసుకున్నాడు. 'సెల్ఫ్ ఫాల్ ఫ్రమ్ టూవీలర్'. మామయ్యని తప్పు పట్టను, అక్కడ నాన్న కాలు వేలాడుతోంది. కానీ ఆ ఒక్క లైను ఏడాది పాటు మా వెంట తిరిగింది.

అందుకే ముందు మీరు చూడాల్సింది తమ్ముడి ఎంఎల్‌సీ కాగితం, అంటే దెబ్బ ఎలా తగిలిందో పోలీసు కేసు కోసం ఆస్పత్రిలో రాసే కాగితం. అందులో గుర్తు తెలియని వాహనం గుద్దిందని ఉందా, జారి పడ్డాడని ఉందా? మొదటిదైతే సగం గండం గడిచినట్టే. రెండోదైతే డాక్టర్ దాన్ని కొట్టేసి మళ్లీ రాయడు, రాయమని బతిమాలకండి కూడా. తమ్ముడు మాట్లాడగలిగే స్థితిలో ఉంటే, స్టేషన్‌లో తన నోటితోనే స్టేట్‌మెంట్ ఇప్పించండి. ఆస్పత్రిలో అలా ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో అందులోనే రాయించండి.

ఇక స్టేషన్. "నంబర్ లేకుండా ఎవరి మీద కేసు పెట్టమంటారు" అని మమ్మల్నీ అడిగారు. నిందితుడి పేరు, నంబర్ తెలియకపోయినా ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, "గుర్తు తెలియని వాహనం డ్రైవర్" అని రాస్తారు. ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 281, 125 సెక్షన్లు పడతాయి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మొదట మామూలు దెబ్బ కింద 125(ఎ) రాస్తారు. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం, 125(బి) కిందికి రావాలి. ఎక్స్‌రే, ఆస్పత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్ (ఊండ్ సర్టిఫికెట్) స్టేషన్‌కి చేరాకే సెక్షన్ మారుస్తారు, ఆ సర్టిఫికెట్ కోసం మీరే తిరగాలి. ఎందుకింత చెబుతున్నానంటే, తర్వాత వచ్చే డబ్బు ఈ 'తీవ్ర' అన్న మాట మీదే ఆధారపడి ఉంటుంది. స్టేషన్‌లో అసలు తీసుకోకపోతే ఫిర్యాదుని ఎస్పీ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

నాన్న బండికి ఇన్సూరెన్స్ అయిపోయి నాలుగు నెలలైంది. మేం మొదట్లో స్టేషన్ గడప తొక్కకపోవడానికి అది కూడా ఒక కారణం, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఆ చలానా మాకు పడింది, కట్టాం. దానివల్ల నాన్నకి రావాల్సింది ఆగలేదు.

కెమెరాల సంగతి మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. గుద్దిన చోటికి పావు కిలోమీటరు దూరంలో పెట్రోల్ బంకు ఉంది, కెమెరా సరిగ్గా రోడ్డు వైపే తిరిగి ఉంది. మేనేజర్ మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి కెమెరా రికార్డింగ్ పెట్టె (డీవీఆర్) ఆన్ చేశాడు. వెనక్కి జరుపుకుంటూ పోతే పదిహేనో రోజు దగ్గర ఆగిపోయింది, దాని ముందంతా చెరిగిపోయి కొత్తది ఎక్కేసింది. మేం వెళ్లింది పద్దెనిమిదో రోజు. మీరు ఈ రోజే వెళ్లండి. బంకు, టిఫిన్ సెంటర్, వైన్ షాపు, ఏటీఎం, రోడ్డు మీదికి తిరిగిన ఇంటి కెమెరా, ఏదీ వదలొద్దు. కాపీ ఇవ్వడానికి భయపడతారు, కనీసం స్క్రీన్‌ని ఫోన్‌లో వీడియో తీసుకోనివ్వమనండి. ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని ఎస్సైకి కాగితం రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. హైవే అయితే టోల్ గేటు రికార్డు పోలీసులు అడిగితేనే వస్తుంది, ఆ మాట కూడా అదే కాగితంలో రాయండి. మాకు దొరికిందల్లా విరిగిన సైడు అద్దం ముక్క. ఒక కానిస్టేబుల్ దాన్ని చిప్స్ కవర్లో వేసుకుని పోయాడు, మళ్లీ దాని ముఖం చూడలేదు.

బండి దొరికితే దారి వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు, ఆ కారు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాలి, చట్టం ప్రకారం ఆరు నెలల్లోపు వేయాలి, లాయర్ కావాలి. దొరకకపోతే చాలామంది అక్కడితో వదిలేస్తారు. అసలు సంగతి అక్కడే ఉంది. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద, గుద్దిన బండి ఆచూకీ దొరకనివాళ్ల కోసమే కేంద్రం పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. అంతకు ముందు 25 వేలు, 12,500 ఉండేవి. నెల తిరిగినా బండి వివరాలు తెలియకపోతే ఈ పథకం గురించి బాధితులకి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మాకైతే కోర్టు దగ్గర జిరాక్స్ షాపతను చెప్పాడు.

దరఖాస్తు ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి, కొన్నిచోట్ల తహసీల్దార్ చూస్తారు. విచారణ అయ్యాక కలెక్టర్ మంజూరు చేస్తే డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. ఫారంతో పాటు ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ఆస్పత్రి బిల్లులు, ఆధార్, పాస్‌బుక్ నకళ్లు పెట్టాలి. తర్వాత బండి దొరికి ట్రిబ్యునల్‌లో పరిహారం వస్తే ఈ డబ్బు తిరిగి కట్టేస్తానని హామీ కాగితం కూడా ఉంటుంది, దానికి కంగారు పడకండి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌బుక్‌లో వెనక ఉందని మాకు ఒక నెల పోయింది.

విచారణ రోజు ఆఫీసరు ఆస్పత్రి కాగితం మీద వేలు పెట్టి, "జారి పడ్డారని ఉందే" అన్నారు. నాన్న కర్ర పక్కన పెట్టి, "జారి పడితే దెబ్బ వెనక చక్రానికి ఎట్లా తగుల్తది సార్" అన్నాడు. అదృష్టం కొద్దీ బండి నలిగిన ఫొటోలు మా తమ్ముడి ఫోన్‌లో ఉన్నాయి. ఆ పొద్దున చూసిన టీ కొట్టాయనని కూడా తీసుకెళ్లాం. మేలో పెట్టిన దరఖాస్తుకి ఫిబ్రవరిలో 50 వేలు వచ్చాయి. ఆపరేషన్ ఖర్చుకి అది ఏ మూలకీ కాదు, కానీ వడ్డీకి తెచ్చినదాంట్లో కొంత తీరింది.

మధ్యలో ఒకతను ఇంటికే వచ్చాడు. "బండి నేను పెడతా, నంబర్ నేనిస్తా, లక్షల్లో వస్తుంది, నాకు ముప్పై శాతం" అన్నాడు. మీ దగ్గరికీ వస్తాడు, ఇలాంటివాళ్లకి ఆస్పత్రి నుంచే కబురు వెళ్తుంది. గుద్దని బండిని ఇరికిస్తే రేపు బోనెక్కేది మీ తమ్ముడే.

చికిత్స ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టక్కర్లేని పథకం అమల్లోకి వచ్చింది. పోలీసు ధ్రువీకరణ ఉండాలి. తమ్ముణ్ణి చేర్చిన ఆస్పత్రి ఆ జాబితాలో ఉందేమో డిశ్చార్జి లోపు అడగండి, ఆరోగ్యశ్రీ డెస్క్‌లో కూడా అడగండి.

ఎంఎల్‌సీలో ఏం రాసుందో చూసి ఇక్కడ చెప్పండి. జారి పడ్డాడని ఉంటే మేం రాసిచ్చిన స్టేట్‌మెంట్ నమూనా నా దగ్గర ఉంది, పేర్లు తీసేసి కింద పెడతాను.