మూలనున్న దీపం ఎందుకు ఆరదు?

ప్రశ్న: డిగ్రీ పిల్లలకి లీనియర్ ఆల్జీబ్రా (బోలెడు సమీకరణాల్ని కలిపి సాధించే లెక్కలు) చెప్తానండీ. ర్యాంక్, నల్ స్పేస్ అనేసరికి సగం మంది ఫోన్లలోకి వెళ్ళిపోతారు. గేమ్స్‌తో చెప్పి చూడమంటే ఓ క్విజ్ యాప్ పెట్టా, రెండు వారాలు ఎగబడి ఆడారు, తర్వాత మళ్ళీ మామూలే. అసలు ఆటలతో ఈ లెవెల్ లెక్కలు వస్తాయంటారా?

జవాబు: మీరు పెట్టింది ఆట కాదండీ, పాయింట్లు అంటించిన పరీక్ష. ఆ సంగతి మనకన్నా ముందు పిల్లలు కనిపెట్టేస్తారు. లెక్క అనేది ఆట రూల్స్‌లోనే ఉండాలి.

లైట్స్ ఔట్ ఆడించండి. 1995లో చేతిలో పట్టుకునే బొమ్మగా వచ్చింది, ఇప్పుడు బ్రౌజర్లోనే ఆడుకోవచ్చు. 5 బై 5 గళ్ళు, ఒకటి నొక్కితే అదీ, దాని పైనా కిందా అటూ ఇటూ ఉన్నవీ వెలుగుతున్నవైతే ఆరిపోతాయి, ఆరినవైతే వెలుగుతాయి, అన్నీ ఆర్పేస్తే గెలిచినట్టు. సగం క్లాసుకి నట్టనడుమ ఒక్క దీపం వెలిగించి ఇవ్వండి, మిగతా సగానికి మూలన ఒక్కటి. మొదటివాళ్ళకి ఎలాగోలా ఆరుతుంది, రెండోవాళ్ళకి పొద్దుపోయేదాకా నొక్కినా ఆరదు (నేనూ అరగంట కుస్తీ పట్టినవాణ్ణే, తిట్టుకున్నా కూడా). వాళ్ళు విసుక్కుని "ఇది అవ్వదు సార్" అంటారు చూడండి, పాఠం అక్కడ మొదలుపెట్టాలి, "అవ్వదని ఎలా చెప్పగలవు?" అని.

రెండుసార్లు నొక్కితే నొక్కనట్టే, ఏది ముందు నొక్కినా ఒకటే, కాబట్టి ఒక్కో బటన్ 0 లేదా 1, ఒకటీ ఒకటీ కలిస్తే సున్నా. 25 తెలియనివి, 25 సమీకరణాలు. ఎలిమినేషన్ (ఒక్కో తెలియనిదాన్ని తీసేస్తూ పోవడం) చేయిస్తే ర్యాంక్, అంటే ఒకదాన్నుంచి ఒకటి రాని సమీకరణాల లెక్క, 23 దగ్గర ఆగిపోతుంది. తగ్గిన రెండిట్లో ఒక్కోటీ ఆరే బోర్డుల్ని సగానికి తగ్గిస్తుంది, అంటే ఉన్న బోర్డుల్లో నాలుగో వంతే ఆరతాయి. ఇప్పుడు 1, 2, 4, 5 వరుసల్లో 1, 3, 5 గళ్ళు, మొత్తం 12, నొక్కమనండి. బోర్డు ఎలా ఉందో అలాగే ఉంటుంది, ఇలా ఏమీ మార్చని నొక్కుళ్ళన్నీ కలిపితే అదే నల్ స్పేస్, కళ్ళముందే. ఇంకో విచిత్రం, ఏ బటన్ నొక్కినా ఆ 12 గళ్ళలో మారేవి సరిసంఖ్యే, అందుకని వాటిలో వెలిగేవి బేసిగా మొదలైతే చివరిదాకా బేసే. మూల గడి అందులో ఉంది, నడిమిది లేదు, అందుకే మూలన ఒక్కటి వెలిగితే అన్నీ ఎప్పటికీ ఆరవు. బ్రౌజర్లో మీకు కావాల్సిన బోర్డు పెట్టుకునే వీలు లేకపోతే కాగితం మీద గళ్ళు గీసి చొక్కా గుండీలు పెట్టినా నడుస్తుంది.

ప్రశ్న: మరి ప్రూఫ్‌లు రాయడం? దానికీ ఆటలుంటాయా?

జవాబు: ఉంది. ఇంపీరియల్ కాలేజ్ లండన్‌లో కెవిన్ బజార్డ్, మొహమ్మద్ పెద్రాంఫర్ కలిసి 2019లో చేసిన నేచురల్ నంబర్ గేమ్, లీన్ అనే ప్రూఫ్ చెకర్ (రాసిన నిరూపణ సరైనదో కాదో చూసే ప్రోగ్రాం) మీద నడుస్తుంది. ఎన్ అనే ఏ సంఖ్యకైనా సున్నా కలిపితే ఎన్ అని రూల్‌గా ఇస్తారు గానీ, సున్నాకి ఎన్ కలిపితే ఎన్ అన్నది మీరే ఇండక్షన్‌తో (సున్నాకి నిజమనీ, ఒక సంఖ్యకి నిజమైతే దాని తర్వాతిదానికీ నిజమనీ చూపి) నిరూపించాలి, "తెలిసిందే కదా" అంటే కంప్యూటర్ ఒప్పుకోదు. కాకపోతే దానికి కమాండ్లు కొట్టి గట్టెక్కిన కుర్రాడు అదే ప్రూఫ్ కాగితం మీద మామూలు వాక్యాల్లో రాయమంటే నీళ్ళు నమలొచ్చు, అందుకే లెవెల్ దాటిన ప్రతిసారీ నోట్సులో రాయించండి, లెవెల్స్‌కి మాత్రం మార్కులు వెయ్యకండి.