రాజీనామా కన్నా ముందు ఆపరేషన్

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ఉండేది వరంగల్. జీతం చేతికి రూ.38,000. మూత్రమార్గంలో స్ట్రిక్చర్ (దారి ఇరుకవడం) ఉందని రెండుసార్లు లోపలి నుంచి కోసి వెడల్పు చేశారు. ఒక్కోసారి రూ.45,000 అయింది, ఏడాది తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు యూరెత్రోప్లాస్టీ (మూత్రమార్గాన్ని బాగుచేసే పెద్ద ఆపరేషన్) చేయాలి, రూ.1.9 లక్షలవుతుందంటున్నారు. ఆఫీసు గ్రూపు పాలసీ రూ.3 లక్షలకు ఉంది. వచ్చే నెల వేరే ఉద్యోగంలో చేరాలి, అక్కడ ఇన్సూరెన్స్ లేదు. ఎఫ్‌డీ రూ.2 లక్షలుంది. పర్సనల్ లోన్ తీసుకోనా, పాత చిన్న ఆపరేషనే మళ్లీ చేయించుకోనా?

జవాబు: రెండూ వద్దు. కొత్త కంపెనీని అడిగి చేరే తేదీని రెండు నెలలు జరుపుకోండి. ఈలోగా ఇప్పటి ఆఫీసు పాలసీ మీదే యూరెత్రోప్లాస్టీ చేయించుకోండి.

కోసిన చోట మళ్లీ మచ్చ కట్టి దారి ముడుచుకుంటుంది. రెండుసార్లు తిరగబెట్టాక మూడో కోత నిలవడం అరుదు. ఇప్పటికే రూ.90,000 అలాగే పోయాయి. యూరెత్రోప్లాస్టీలో ఇరుకు చిన్నదైతే ఆ ముక్క తీసేసి చివరలు కలుపుతారు, పొడవైతే బుగ్గ లోపలి పొర తెచ్చి అతుకు వేస్తారు. ఇదీ తిరగబెట్టదని రాసివ్వలేరు గానీ, కోత కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆర్‌జీయూ (మూత్రమార్గంలోకి మందు ఎక్కించి తీసే) ఎక్స్‌రే చూసి ఏ పద్ధతో యూరాలజిస్టు తేలుస్తారు.

గ్రూపు పాలసీల్లో మామూలుగా పాత జబ్బుకు వెయిటింగ్ (క్లెయిముకు ఆగాల్సిన కాలం) ఉండదు. హెచ్ఆర్ నోటిమాట కాకుండా పాలసీ కాగితంలో చూసుకోండి. ఆ కవర్ సాధారణంగా ఉద్యోగం చివరి రోజుతో సరి. సొంతంగా కొత్త పాలసీ కొంటే ఈ జబ్బుకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. దాచిపెట్టి కొన్నారో, పాత డిశ్చార్జి సమ్మరీలే పట్టిస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది గది దగ్గర. రూ.3 లక్షల పాలసీలో గది అద్దె 1 శాతానికే పరిమితమైతే రోజుకు రూ.3,000. మీరు రూ.5,000 గది తీసుకున్నారనుకోండి. సర్జన్, థియేటర్, నర్సింగ్ వగైరా రూ.1,20,000 బిల్లులోనూ అదే అద్దె లెక్కన ఐదింట మూడొంతులే, అంటే రూ.72,000 ఇస్తారు. అద్దెలో తేడా రోజుకు రూ.2,000, జేబులోంచి పోయేది రూ.48,000! మందులు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదు. షేరింగ్ గది చాలు.

పేరులో ‘ప్లాస్టీ’ చూసి అందం కోసమా అని ప్రీ-ఆథరైజేషన్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతిలో) ప్రశ్న రావచ్చు. మూత్రం ఆగిపోతోందనీ, గతంలో రెండు కోతలు విఫలమయ్యాయనీ డాక్టరు చేత స్పష్టంగా రాయించండి. ఆర్‌జీయూ, యూరోఫ్లో (మూత్రధార వేగం కొలిచే పరీక్ష) రిపోర్టులు జతచేయండి.

కాథెటర్ (మూత్రం పోయే గొట్టం) రెండు మూడు వారాలుంటుంది, అప్పటిదాకా బైకు ఊసెత్తకండి. సెలవులు చాలకపోతే జీతం కోత పడుతుంది. దానికీ, పాలసీ ఇవ్వని గ్లవ్స్ లాంటి ఖర్చులకూ కలిపి ఎఫ్‌డీలోంచి రూ.60,000 తీయండి. బ్యాంకు ఒప్పుకుంటే పాక్షికంగానే విరవండి. కాథెటర్ తీసేటప్పటి ఎక్స్‌రే, మందుల బిల్లులు దాచుకోండి. డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు చాలా పాలసీల్లో 60 రోజుల గడువుంటుంది, మధ్యలో ఉద్యోగం వదిలితే అవి ఇరుక్కోవచ్చు.

రాజీనామా ఇచ్చే ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ (మార్పు) అడగండి. కంపెనీ ఒప్పుకుంటే గ్రూపులో గడిచిన కాలం వెయిటింగ్‌లో కలిసొస్తుంది. చివరి రోజు దాటాక అడిగితే ఆ దారి మూసుకుపోవచ్చు.