డాక్టర్ సలహా: పిల్లలు ఎక్కే కమ్మీల కింద సిమెంటు గచ్చు ఉండవచ్చా?

ప్రశ్న: మేము గుంటూరు శివార్లలో ఉంటాము. బాబుకు ఎనిమిదేళ్లు, పాపకు మూడేళ్లు. సెలవుల్లో ఫోను పట్టుకుని కూర్చోకుండా ఉంటారని వెల్డింగ్ షాపులో చెప్పి, పెరట్లో ఏడడుగుల ఎత్తున ఇనుప నిచ్చెన, పైన వేలాడుతూ వెళ్లే అడ్డ కమ్మీలు, పక్కన ఒక జారుడుబల్ల చేయించాము. కింద సిమెంటు గచ్చు మీద ప్లాస్టిక్ గడ్డి పరిచాము. పది రోజుల కిందట బాబు కమ్మీ మీది నుంచి జారి చేతి మీద పడ్డాడు. వాపు తగ్గింది గానీ మోచేయి పూర్తిగా చాపలేకపోతున్నాడు. మా అత్తయ్యగారు రోజూ నూనె పెట్టి మర్దన చేస్తున్నారు. ఆవిడ ఆ ఇనుప సామానంతా పీకించేయమంటున్నారు, మావారేమో పిల్లలన్నాక పడకుండా ఉంటారా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: కమ్మీల సంగతి తరువాత చూద్దాం. ముందు బాబు మోచేతిని ఈ రోజే ఎముకల వైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించండి. పడిన పది రోజుల తరువాత కూడా మోచేయి పూర్తిగా చాచలేకపోవడం మామూలు దెబ్బ లక్షణం కాదు. లోపల సన్నటి చీలిక ఉందేమోనని అనుమానించి తీరాలి. ఆ వయసులో మోచేతి ఎముకల చివరలు చాలావరకు మృదులాస్థిగానే, అంటే ఇంకా గట్టిపడని మెత్తటి ఎముకగానే ఉంటాయి. అది ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి అవసరమైతే రెండో చేతిని కూడా ఎక్స్‌రే తీసి రెండింటినీ పోల్చి చూస్తారు. ముఖ్యంగా మోచేతి బయటి వైపు ఎముక విరుపును గుర్తించకుండా వదిలేస్తే అది అతుక్కోకుండా మిగిలిపోయి, ఏళ్లు గడిచాక చేయి వంకర తిరగడానికి, చిటికెన వేలి వైపు తిమ్మిరెక్కడానికి కారణమవుతుంది. మర్దన వెంటనే ఆపించండి. అత్తయ్యగారు ప్రేమతోనే చేస్తున్నారు, సందేహం లేదు. కానీ దెబ్బ తిన్న మోచేతిని నొక్కి రుద్దితే, బలవంతంగా చాపితే, కండరంలో ఎముక పదార్థం పేరుకుని కీలు మరింత బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

అయిదు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు చేయి చాపి పడినప్పుడు విరిగే చోటు ఎక్కువగా మోచేతికి కాస్త పైన, భుజపుటెముక కింది భాగం. దాని ముందు నుంచే ముంజేతికి రక్తం తీసుకుపోయే ధమని, పక్కనే నరాలు వెళతాయి. అందుకే మోచేతి దెబ్బకు వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టే నాటు కట్టు నాకు భయం కలిగిస్తుంది. వాపు పెరుగుతున్న చేతికి బిగుతు కట్టు తోడైతే రక్తం అందక కొన్ని గంటల్లోనే ముంజేతి కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది, ఆ తరువాత వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుపోయి ఆ చేయి జీవితాంతం పనికి రాకుండా పోవచ్చు. ఎవరు వేసిన కట్టయినా సరే, వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, మీరు వేళ్లను మెల్లగా చాపినప్పుడు పిల్లవాడు భరించలేక ఏడ్చినా, తెల్లవారే వరకు ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక మీ ఇంట్లోని వాదం. ఆ సామాను పీకించనక్కరలేదు. ఎక్కడం, వేలాడడం పిల్లల భుజాలకు, పట్టుకు, తూకం నిలుపుకోవడానికి ఎంతో మేలు చేస్తాయి. పిల్లలు పడతారన్న మీవారి మాట కూడా నిజమే. అయితే, పడతారని తెలిసి కూడా కింద గచ్చు ఉంచడం సరికాదు. ఆరడుగుల ఎత్తు నుంచి జారిన బిడ్డ సుమారు 0.6 సెకన్లలో, గంటకు 21 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. పక్కనే నిలుచున్న పెద్దవారు చేయి చాపేలోపే అంతా అయిపోతుంది. కాబట్టి కనిపెట్టుకుని ఉండడం అవసరమే గానీ అది మెత్తటి నేలకు బదులు కాదు. మీరు పరిచిన ప్లాస్టిక్ గడ్డి పచ్చగా కనిపించడమే తప్ప దెబ్బను ఏమాత్రం తగ్గించదు. గట్టిపడిన పెరటి మట్టి, దాని మీద పెరిగిన మామూలు గరిక కూడా అంతే.

ఆ చట్రాన్ని గచ్చు మీది నుంచి మట్టి నేలలోకి మార్పించండి. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంఘం ఇళ్లలోని ఆట సామగ్రికి చెప్పే కొలతలు ఇక్కడా ఉపయోగపడతాయి. ఏడడుగుల వరకు ఎత్తుంటే కింద కనీసం 9 అంగుళాల మందాన చెక్క పేళ్లు ఉండాలి. ఇసుక అయితే అదే మందం నాలుగైదు అడుగుల ఎత్తుకే చాలుతుంది. పేళ్లు తొక్కుడుకు అణగిపోతాయి కాబట్టి మొదట 12 అంగుళాలు పోయించి, నెలకొకసారి పారతో తిరగేసి, తగ్గినప్పుడల్లా నింపుతూ ఉండాలి. కోత మిల్లులో దొరికే మెత్తటి రంపపు పొట్టు మాత్రం వద్దు. చట్రం చుట్టూ అన్ని వైపులా ఆరడుగుల మేర ఈ మెత్తదనం ఉండాలి. ఆ పరిధిలో గోడ, మొక్కల కుండీ, బట్టలుతికే బండ, మోటారు దిమ్మె ఏవీ ఉండకూడదు. గచ్చు మీదే పేళ్లు పోస్తే చాలదా అని అడుగుతారేమో, చాలదు. పరుగులకు, దూకుళ్లకు అవి పక్కలకు జరిగి సరిగ్గా పిల్లలు పడే చోటే గచ్చు బయటపడుతుంది. ఏడడుగులు ఎనిమిదేళ్ల వాడికి కూడా పరిమితి అంచున ఉన్న ఎత్తే. చట్రాన్ని మార్చేటప్పుడే కాళ్లు ఒక అడుగు కోయించి ఆరడుగులకు దించండి, అతని ఆట ఏమీ తగ్గదు.

వెల్డింగ్ చేసే ఆయనను పిలిచినప్పుడే టేపు తీసుకుని సందులు కొలిపించండి. అటకకు నిచ్చెనా కిటికీకి గ్రిల్లూ చేసే చేయి పిల్లల తల కొలతను లెక్కలోకి తీసుకోదు. మూడున్నర అంగుళాలకు, తొమ్మిది అంగుళాలకు మధ్య ఉన్న ఏ సందైనా ప్రమాదమే. చిన్నపిల్లలు కాళ్లు ముందు పెట్టి దూరినప్పుడు ఒళ్లంతా జారిపోయి తల ఇరుక్కుంటుంది, అప్పుడు బిడ్డ మెడతో వేలాడుతుంది. అలాంటి సందులుంటే మధ్యలో మరో కమ్మీ వేయించండి, లేదా ఒక కమ్మీ తీయించేయండి. రెడీమేడ్‌గా కొనేవారు ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో ఆటవస్తువులకు అది తప్పనిసరి. ఇళ్లలో వాడే ఉయ్యాలలు, జారుడుబల్లలకు ఐఎస్ 9873 అనే భారతీయ ప్రమాణంలో విడిగా నాలుగో భాగమే ఉంది.

పాపకు మూడేళ్లే కాబట్టి పై కమ్మీలు ఇంకా ఆమెవి కావు. తనంతట తాను ఎక్కలేని చోటికి బిడ్డను ఎత్తి నిలబెట్టకూడదన్న ఒక్క నియమం పాటిస్తే చాలా ప్రమాదాలు తప్పుతాయి, ఎందుకంటే ఎక్కే బలం లేని బిడ్డకు దిగే బలమూ ఉండదు. భయపడుతోందని ఒడిలో కూర్చోబెట్టుకుని జారడం కూడా మానండి. పిల్ల చెప్పు బల్ల అంచుకు పట్టుకుందంటే పాదం అక్కడే ఆగిపోతుంది, వెనుక నుంచి మీ బరువంతా తోస్తుంది, మోకాలి కింది ఎముక విరుగుతుంది.

ఇళ్లలోని ఆట సామగ్రి దగ్గర జరిగే మరణాల్లో ఎక్కువ భాగం పడడం వల్ల కాదు, మెడకు తాడు బిగుసుకోవడం వల్ల. పిల్లలు ఆ కమ్మీకి తాడో, పాత చీరో, కుక్క గొలుసో కట్టి ఉయ్యాల చేసుకుంటారు. కనిపించిన వెంటనే విప్పేయండి. ఎక్కే ముందు చున్నీ, మెడలోని తాయెత్తు తాడు, గొలుసు, బడి నుంచి వచ్చాక తీయడం మరిచిన ఐడీ కార్డు, సైకిల్ హెల్మెట్, అన్నీ తీసేయించాలి. హెల్మెట్ సైకిల్ మీద తలను కాపాడుతుంది గానీ కమ్మీల సందులో ఇరుక్కుంటే దాని పట్టీ ఉరి అవుతుంది.

మే నెల మధ్యాహ్నం మీ ఊరి ఎండలో ఇనుప జారుడుబల్ల తొడలను బొబ్బలెక్కిస్తుంది. మీ అరచేయి దాని మీద నిలవకపోతే పిల్లలను ఎక్కించవద్దు. వర్షాలు తగ్గాక తుప్పు, వదులైన బోల్టులు, గొట్టాల చివర గూడు కట్టిన కందిరీగలు చూసుకోండి. ఇనుము గీసుకుంటే ధనుర్వాతం రాకుండా కాపాడేది టీకాయే కాబట్టి, అయిదేళ్లప్పుడు వేయాల్సిన డీపీటీ బూస్టరు బాబుకు పడిందో లేదో టీకాల కార్డులో చూడండి.

మళ్లీ పడితే చేతిని లాగి సరిచేయకండి. ఉన్న భంగిమలోనే మడిచిన వార్తాపత్రికనో అట్టనో ఆసరాగా పెట్టి, మెత్తటి గుడ్డతో వదులుగా మెడకు వేలాడదీసి తీసుకువెళ్లండి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ పెట్టవద్దు, మత్తు ఇవ్వవలసి రావచ్చు. తలకు దెబ్బ తగిలితే స్పృహ తప్పడం, ఒకటికి రెండుసార్లు వాంతి, మూర్ఛ, చెవి నుంచో ముక్కు నుంచో నీరులాంటి ద్రవం కారడం, పెరిగిపోయే తలనొప్పి, లేపినా లేవని మత్తు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. రెండేళ్లు నిండిన పిల్లలు అయిదడుగుల పైనుంచి తలకు దెబ్బ తగిలేలా పడితే, బాగానే ఉన్నట్టు కనిపించినా వైద్యుడు ఒకసారి చూడడం మంచిది. ప్రతి తల దెబ్బకూ సీటీ స్కాన్ అక్కరలేదు, చాలాసార్లు కొన్ని గంటల పరిశీలన సరిపోతుంది.

చట్రం మట్టిలోకి మారే వరకు నిచ్చెన కింది నాలుగు మెట్లకు అడ్డంగా ఒక ప్లైవుడ్ పలకను బోల్టులతో బిగించేయండి, ఇద్దరిలో ఎవరికీ కాలు పెట్టే వీలుండదు. దానిని తాడుతో మాత్రం కట్టవద్దు.